డాక్టర్‌గారి కోటు జేబు

డాక్టర్‌గారు కొత్త కోటుతోనే నా కొట్లోకి దూసుకొచ్చి, కటింగ్ బల్ల మీద గుప్పెడు చీటీలు కుమ్మరించారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మిషన్ మీంచి కాలు తీస్తే సూది ఆగుతుంది గానీ నా బుర్ర ఆగడం లేదని నాలుగు రోజుల కిందట మొరపెట్టుకున్నది ఆయన దగ్గరే.

"ఏ పాడు ఆలోచన వచ్చినా చీటీ మీద రాసి జేబులో పడెయ్. ఆదివారం దాకా దాని మొహం చూడకు" అన్నారాయన.

ఊరందరికీ జేబులు కుట్టే నాకు సొంత చొక్కాకి జేబు లేదు. అందుకని మిషన్ పక్కన వేలాడుతున్న కోటు జేబులో వేస్తూ వచ్చాను. అది ఆయనదే. నిన్న చీటీలు తీయడం మరిచిపోయి, అలాగే మడతపెట్టి ఇచ్చేశాను.

ఆయన ఒక్కొక్కటే పైకి చదివారు.

"'నాకు పని రాదని ఏదో ఒకరోజు అందరికీ తెలిసిపోతుంది.' 'ఇంటికి తాళం వేశానా?' 'మా ఆవిడ నిన్న నన్ను చూసి ఊరికే నవ్వింది, ఎందుకు?'"

ఆఖరి చీటీ నా మొహం ముందు ఆడించారు.

"నా సంగతులన్నీ నీకెవరు చెప్పారయ్యా? మా ఆవిడేనా?"

"అయ్యో, అవి నావండీ!"

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. కాసేపు చీటీల వంక, కాసేపు నా వంక చూశారు. తర్వాత కోటు విప్పి నా చేతిలో పెట్టారు.

"లోపలివైపు ఇంకో జేబు కుట్టు. కాస్త లోతుగా. ఇది నీవాటితోనే నిండిపోయింది, నావి పెట్టుకోవడానికి చోటే లేదు."