మినోదా సారు కాలుగుణం

“ఆడనే నిలబడమను! గడప దాటితే ఊరుకోను!”

నాగేశప్ప గడపకు అడ్డంగా నిలబడి అరిచాడు. బూట్లు విడిచి, ఒక కాలు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు మినోదా. ఆయనది జపాన్. అక్కడ పదమూడేళ్లు జీతానికి ఫుట్‌బాల్ ఆడి, ఇప్పుడు బెంగుళూరులో ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నాడు. కెలమంగలం దాకా వచ్చిన పని ఒక్కటే. నాగేశప్ప కూతురు కలైవాణిని తన శిక్షణకు తీసుకుపోవాలి. తిండి, బస, చదువు అన్నీ వాళ్లే చూసుకుంటారు. కావలసిందల్లా తండ్రి ఒప్పుకోవడం.

తప్పు ఆయనదీ కాదు, నాగేశప్పదీ కాదు. ఆ ఇంట్లో సగం పట్టుపురుగులది. నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి పొర విడిచి, ఆవురావురుమని మల్బరీ ఆకు మేస్తున్నాయి. ఇంకొన్నాళ్లలో గూళ్లు కడతాయి. ఇలాంటప్పుడు కొత్తవాళ్ల కాలు లోపల పడనివ్వరు ఆ ఊళ్లో. పడ్డ కాలు మంచిదైతే సరే. కాకపోతే పంటంతా దిబ్బపాలే.

“సారు వచ్చింది పురుగుల్ని చూసేదానికి కాదప్పా, నీ కూతురి కోసం,” అన్నాడు హరి. ఆయన కలైవాణి బడిలో ఆటల మాస్టారు. ఆ పూటకు దుబాసీ పని కూడా నెత్తిన పడింది.

“పురుగులైనా, కూతురైనా నాకు ఒగటే సారూ. కాలుగుణం తెలీకుండా ఎవురి చేతికీ ఇయ్యను.”

తలుపు పక్కన కలైవాణి చున్నీ కొస నలుపుతూ నిలబడి ఉంది. ఆమె మైదానం మధ్యలో ఆడే పిల్ల. వెనకవాళ్ల దగ్గర బంతి అందుకుని ముందువాళ్లకు అందించడం ఆమె పని. మినోదా కూడా ఒకప్పుడు అదే చోట ఆడినవాడు. అందుకే కృష్ణగిరిలో ఆమె ఆట చూసి, ఎండను కూడా లెక్కచేయకుండా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఈ రోజు తండ్రి కాదన్నాడంటే, వచ్చే వారం నుంచి కలైవాణి హోసూరులో ఒక కంపెనీలో లైను పనికి, అంటే వరసలో నిలబడి సామాన్లు బిగించే పనికి, పోవాలి. అక్కడ మాట కూడా అయిపోయింది.

“సరే, అడుగు సారూ. ఆ కాలితో ఎన్ని గోల్ కొట్టినాడంట?”

హరికి చెమట పట్టింది. మధ్యలో ఆడేవాణ్ణి గోల్స్ లెక్క అడగడమంటే, పెళ్లిలో వడ్డించేవాణ్ణి పట్టుకుని నువ్వెన్ని లడ్లు తిన్నావని అడగడమే. ఆ మాట చెబితే వినే రకం కాదు నాగేశప్ప. అందుకని ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చే పని కూడా పెట్టుకోకుండా, “నూరు దాటినాయప్పా!” అనేశాడు.

తనను అడక్కుండానే తన జవాబు వెళ్లిపోయిందని మినోదాకు అర్థమైంది. కలైవాణి వైపు చూశాడు. ఆ పిల్లకు అబద్ధం మింగుడుపడలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో అసలు ప్రశ్న అడిగేసింది.

మినోదా ఒక్క వేలు ఎత్తాడు.

“ఒగటా!” నాగేశప్ప నోరు తెరిచాడు. “పదమూడేండ్లకు ఒగటా? మా పెయ్యదూడ తన్నినా ఇంతకంటే ఎక్కువ పడుంటాయి కదప్పా!”

మినోదా తల అడ్డంగా ఊపాడు. బొటనవేలితో తన వీపు వెనక్కి చూపిస్తూ ఇంకేదో చెప్పాడు. హరి ముఖం మాడిపోయింది.

“ఏమంటాడు?”

“ఏం లేదులేప్పా.”

“నిజం చెప్పు సారూ.”

“ఆ ఒగటి కూడా అవతలోళ్ల గోల్లో కాదంట. తమ గోల్లోనే కొట్టుకున్నాడంట. పెద్ద పోటీ, కడా మ్యాచి. దాంతోనే ఓడిపోయినారంట.”

లోపల పురుగులు ఆకు కొరికే చప్పుడు మాత్రం వినిపించింది. నాగేశప్ప భార్య అంగాళమ్మ నుదురు కొట్టుకుంది.

“అయ్యో సామీ! సొంతింటికే కన్నం వేసిన కాలు! ఇంగ అయిపోయింది నా బిడ్డ కత.”

కలైవాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం అడిగి తన గొయ్యి తనే తవ్వుకున్నాననుకుంది. మాస్టారు చెప్పిన నూరు నూరుగానే ఉండనిస్తే ఏం పోయేది?

నాగేశప్ప మాత్రం మినోదా ముఖాన్నే చూస్తున్నాడు. “ఇంగొగటి అడుగు సారూ. మళ్లా మ్యాచికి ఈయన్ని బయట కూకోబెట్టినారా?”

హరి ఈసారి నిజంగానే అడిగాడు. “లేదంట. మళ్లా మ్యాచిలో తొలి బంతి ఈయనకే ఇచ్చినారంట. ఆ జట్టులోనే శానా ఏండ్లు ఆడి, కడాకు కెప్టెన్ కూడా అయినాడంట.”

“తిట్టలేదా?”

“తిట్టినారంట. తిట్టి, బంతి ఇచ్చినారంట.”

నాగేశప్ప కూతురి వైపు తిరిగాడు.

“ఆ లైను పనిలో ఒగ పీసు చెడిపితే చాలు, మర్నాడు గేటు కాడే ఆపేస్తారు. మనూరోళ్లు ఎంతమంది అట్ల తిరిగొచ్చినారో చూసినాను కదమ్మా,” అన్నాడు. తర్వాత హరిని పిలిచాడు. “సారూ, ఆ గోల్ ఏ కాలితో కొట్టినాడో అడుగు.”

ఇంకేం మిగిలిందిరా దేవుడా అనుకుంటూనే అడిగాడు హరి. “ఎడమ కాలంట.”

నాగేశప్ప గడప ముందు నుంచి పక్కకు తప్పుకున్నాడు.

“అయితే ఆ కాలే ముందు పెట్టి లోపలికి రమ్మను.”