ఒకటే ప్లగ్గు

"ఆ ప్లగ్గు పీకావంటే కోట్ల జీవాల ఉసురు తగులుతుంది!" రిటైరైన లెక్కల మేస్టారు వంటింట్లోకి పరుగెత్తారు.

అక్కడున్నది ఒకటే ప్లగ్గు. పొగ లాగే ఫ్యాను వైరు పీకేసి, అందులో చేపలతొట్టి పంపు తగిలించింది ఆయనే. మొక్కల కోసం చేసిన కంపోస్టు కషాయం ఆ పంపు గాలికి బకెట్లో బుడబుడలాడుతోంది. గాలి ఆగితే అందులోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయట.

"మరి ఈ పొగ?" భార్య దగ్గుతూ అడిగింది.

"కాస్త ఓర్చుకో. పాపం, నోరులేని జీవాలు."

అంతలో కరెంటు పోయింది.

మేస్టారు బ్యాటరీ పంపు కోసం పక్కింటికి పరుగెత్తి, ఉత్తచేతులతో తిరిగొచ్చేసరికి భార్య బకెట్టు మీదకు వంగి ఉంది. పారబోస్తోందనుకుని ఆయన అటు ఉరికారు.

ఆవిడ గరిటెతో కషాయాన్ని ఎత్తిపోస్తూ గాలి ఆడిస్తోంది.

"నువ్వా!"

"ఊపిరాడకపోతే ఎలా ఉంటుందో ఈ ఇంట్లో నాకుగాక ఇంకెవరికి తెలుసండీ?"

మేస్టారు పంపు వైరు పీకి, పొగ లాగే ఫ్యాను వైరు పెట్టారు.

కరెంటు రాగానే వంటింట్లో ఫ్యాను తిరిగింది. పడగ్గదిలోనూ ఒకటే ప్లగ్గు. మేస్టారు బకెట్టు అక్కడికి మోసుకెళ్లి, తన టేబుల్ ఫ్యాను పీకి, పంపు తగిలించి, బకెట్టు పక్కన కూర్చుని అట్టముక్కతో విసురుకోసాగారు.

భార్య గుమ్మంలోంచి తొంగిచూసింది.

"కాస్త ఓర్చుకోండి. పాపం, నోరులేని జీవాలు."