అత్తగారి పళ్లసెట్టు

“పళ్లసెట్టు తీయాలి, గడ్డం పట్టుకోమ్మా,” అంది శవానికి గుస్ల్ స్నానం చేయించడానికి వచ్చిన హుసేన్‌బీ.

సబీహా అత్తగారి గడ్డం ముట్టుకోలేదు. “ఉంచెయ్యి పిన్నమ్మా. బోసినోరు చూస్తే మా పిల్ల జోయా జడుసుకుంటుంది.”

“తేలిగ్గా వచ్చేదైతే తీసే కడగాలి తల్లీ.”

పెరట్లో చీరలు అడ్డం కట్టి, అత్తగారు మహమూదాని బల్ల మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. హుసేన్‌బీ వేలు పెట్టి మెల్లగా కదిపితే కింది సెట్టు ఊడి వచ్చింది. ఆ వాసనకి సబీహా మొహం తిప్పుకుంది.

“ఇటు చూడు.”

చిగురు అరిగిపోయి ఉంది. సెట్టు ఒరుసుకున్న చోట పుండు పడి, దాని చుట్టూ కండ మడతలుగా పెరిగింది.

“రాత్రిళ్లు తీసి నీళ్లలో వేసేది కాదా?”

“ఎప్పుడూ పెట్టుకునే ఉండేది.”

“మరి అన్నం ఎలా తిన్నదమ్మా ఇన్నాళ్లూ?”

సబీహా తన వంట గిట్టకే ముసలామె కంచం నెట్టేస్తోందని గిలకలదిండిలో ఉన్న ఆడబిడ్డకి మొన్ననే ఫోన్లో చెప్పింది. పిల్ల ముందు బోసినోటితో తిరగొద్దని అత్తగారిని కసిరిందీ తనే.

అడ్డం కట్టిన చీర కదిలింది. సబీహా ఆపేలోపే ఆరేళ్ల జోయా ఆమె చేతికింద దూరి వచ్చి, పీక్కుపోయిన నానమ్మ బుగ్గ నిమిరింది. జడుసుకోలేదు.

“తీసేశారుగా నానమ్మా, ఇంక నొప్పెయ్యదులే,” అంది చెవి దగ్గర గుసగుసగా. “నేను అమ్మకి చెప్పలేదు.”