ఎడమ బాక్సు

ఖరీదైన స్పీకర్లు సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి రాజమండ్రి నుంచి ఓడలరేవు వచ్చిన వెంకటకృష్ణ, వాటి వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టార్చి వేసి నంబర్లు చూశాడు. ముందుకొచ్చి, మోత పుట్టే కోన్ చుట్టూ ఉన్న నల్లటి అంచుని వేలితో నొక్కాడు. స్క్రూల తుప్పు గోరుతో గీకాడు.

“ఇరవై మూడేళ్ళు,” అన్నాడు.

“ఆయ్, సరిగ్గా చెప్పేరండి,” అన్నాడు వాటిని అమ్ముతున్న సాల్మన్. “మా అమ్మాయి శారోన్ పుట్టిన ఏడు మస్కట్‌లో కొన్నానండి. రెండూ ఒకే రోజు, ఒకే కొట్లోనండి.”

శారోన్ కాఫీ తెచ్చింది. వెంకటకృష్ణ ఎడమ పక్కన నిలబడి, “తీసుకోండంకుల్,” అంది. ఆయన తల తిప్పలేదు. మళ్ళీ అంది. పెద్దపెద్ద పనిమంతుల ధ్యాస ఇలాగే ఉంటుంది కాబోలనుకుని, చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి పిలిచింది. వెంటనే అందుకున్నాడు.

పాట మొదలైంది. గది మధ్యలో కుర్చీ వేసుకుని ఆయన కళ్ళు మూసుకున్నాడు. సగం పాటకే చెయ్యెత్తి ఆపించాడు.

“ఇవి జత కాదండి సాల్మన్‌గారూ.”

“అదేంటండి?”

“కుడిది మీరు చెప్పిన వయసే. ఎడమది ముసల్ది. గొంతు పూడిపోయింది. పాతదెక్కడో దొరికితే నంబరు మార్చి పక్కన పెట్టేరు.”

సాల్మన్ ముఖం మాడిపోయింది. ఊరంతా నమ్మి చర్చి తాళాలు ఆయన చేతిలో పెట్టింది. వెంకటకృష్ణ కాదన్న సరుకుని ఇంకెవరూ ముట్టుకోరు. ఎందుకు కాదన్నాడో కూడా ఆయన పదిమందికీ చెబుతాడు.

“మాకు రెండూ ఒక్కలాగే వినపడతన్నాయండి...”

“వినపడతాయండి, అలవాటైపోయిన చెవులు. మురమళ్ళలో చూశాను, కొత్తపేటలో చూశాను. అక్కడా ఎడమదే మోసం. మీ కోనసీమలో ఇదో పద్ధతైపోయింది.”

“ఆయ్,” అన్నాడు సాల్మన్. అన్నాక గానీ తను దేనికి ఒప్పుకున్నాడో ఆయనకి తెలియలేదు.

ఎంత మాటన్నా ఇంటికొచ్చిన మనిషి. పెరట్లోకి తీసుకెళ్ళి కొబ్బరి బొండాలు కొట్టాడు. శారోన్ లోపలే ఉండిపోయింది.

తిరిగి రాగానే ఆమె వెంకటకృష్ణ కుడి పక్కకి వెళ్ళి నిలబడింది.

“ఇంకొక్కసారి వినండంకుల్. నాన్నగారి మాట పోతాది.”

ఆయన జాలిపడి కూర్చున్నాడు. ఈసారి పాట చివరిదాకా విన్నాడు.

“ఎడమదేనమ్మా. అనుమానం లేదు. బాక్సు అబద్ధమాడొచ్చు గానీ నా చెవులు ఆడవు.”

“ఆయ్,” అంది శారోన్, చేతుల దుమ్ము చున్నీకి తుడుచుకుంటూ.

వాళ్ళు పెరట్లో బొండాలు తాగుతున్నంతసేపూ ఆమె ఎడమ బాక్సుని కుడివైపుకీ, కుడి బాక్సుని ఎడమవైపుకీ మోసింది.