ఎదుటి కుర్చీ

నగరంలో అన్ని హోటళ్లకూ వచ్చినట్టే చిక్కడపల్లిలోని బాలమణి మెస్‌కూ మాట్లాడే బొమ్మలు వచ్చాయి. ఒంటరిగా తినేవాళ్ల ఎదుటి కుర్చీలో కూర్చుని, "పప్పు బాగుందా?" అని అందరినీ ఒకే గొంతుతో అడిగేవి. అక్కడే రోజూ తినే రాక్ గాయకుడు క్రాంతికి కడుపు మండింది. నగరంలో మనిషి ఎంత ఏకాకో చెబుతూ గిటార్ తీగలు తెగేలా ఒక పాట కట్టాడు. అది ఊరంతా మోగింది.

కచేరీలకని ఊళ్లు తిరిగి నెల తర్వాత భోజనానికి వస్తే మెస్ నిండిపోయి ఉంది.

"అంతా నీ పాట పుణ్యమే," అంది యజమానురాలు బాలమణి. "పాట ఇన్నోళ్లంతా వచ్చి బొమ్మలన్నీ తీసేయించిన్రు. ఒంటరిగ కూసోని నీ పాట ఇనుకుంట తినెతందుకు ఒక్కొక్కరికి ఒక్కో బల్ల గావాల్నంట. ముంగట ఎవ్వరూ కూసోవద్దంట."

"ఆకలైతుందక్కా."

"ఆ పిల్ల ముంగట కూసో. సప్పుడు చెయ్యకు."

ఆ అమ్మాయి ఇయర్‌ఫోన్లలోంచి అతని పాటే సన్నగా వినిపిస్తోంది. కన్నీళ్లు తుడుచుకుంటూ అన్నం కలుపుతోంది. క్రాంతికి జాలేసింది. పలకరించాలనుకున్నాడు గానీ ఏమనాలో తోచలేదు.

చివరికి, "పప్పు బాగుందా?" అన్నాడు.

ఆమె తలెత్తకుండానే బాలమణిని పిలిచింది.

"అక్కా, ఈడ ఒక బొమ్మ మిగిలిపోయింది. జర దీన్ని గూడ తీసెయ్."