గుట్ట మీద నిమ్మకాయలు

గడ్డపార చప్పుడు ముందు విన్నది యుగేందరే.

"బావా, ఆగు. ఎవడో తవ్వుతున్నడు."

సురేశ్ ఊతకర్ర మీద ఆగాడు. అతని కుడికాలిలో ఇనుప రాడ్డుంది. నిరుడు భూపాలపల్లి అడవిలోని ఈ గుట్ట మీది కోట చూడడానికే వచ్చి, గుప్తనిధుల దొంగలు తవ్విన గుంతలో పడ్డాడు. స్పృహ తప్పినవాణ్ణి ఎవరో వీపున మోసి గుట్ట దించారు. అంబులెన్సు ఎక్కించి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు.

ఆ మనిషికి పెట్టాలని కొన్న ధోవతీ, కండువా యుగేందర్ సంచిలో ఉన్నాయి.

"ముందుగాల కోట చూద్దాం. దిగినంక ఊళ్లె అడుగుదాం. గంత గుట్ట దించిండంటే ఎవడో పహిల్వానే అయ్యుంటడు" అన్నాడు యుగేందర్ పొద్దున.

దేవరుప్పుల నుంచి దారి పొడుగునా బావకు సెల్లులో పెరూ దేశపు కొండకోట మచు పిచ్చు చూపిస్తూనే వచ్చాడు.

"సున్నం లేకుంట రాయి మీద రాయి పేర్చిన్రు బావా. మన కోట గూడ గట్లనే."

"గాడ గిట్ల బొందలు తవ్వే దొంగలున్నరా?"

"బంగారం అంటె యాడైనా దొంగలే."

బురుజు చాటున బక్కపలచని ముసలాయన వంగి ఉన్నాడు. చేతిలో గడ్డపార, పక్కన పార. మట్టి మీద పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు.

సురేశ్‌కు ఒళ్లు మండిపోయింది.

"పూజ జేసి మరీ తవ్వుతున్నవా రా, దొంగ నా కొడ్కా!"

"బిడ్డా, నేను..."

ఊతకర్ర దవడ మీద పడింది. రెండు పళ్లు ఊడి నిమ్మకాయల పక్కన రాలాయి.

"నా కాలు తిన్నది సాలలేదా? ఇంకెంతమందిని కుంటోళ్లను జేస్తవ్?"

"తవ్వుతలేను నాయినా, పూడు..."

యుగేందర్ డొక్కలో తన్నాడు. మాట అక్కడే తెగింది. లేవబోతే మళ్లీ తన్నాడు. ముసలాయన తల గోడరాయికి కొట్టుకుంది.

సురేశ్ గడ్డపార అందుకుని అతని మోకాలి మీద దించాడు.

ఎముక విరిగిన చప్పుడు కోటగోడకు తగిలి తిరిగొచ్చింది.

"గిప్పుడెరుకైందా, ఎట్లుంటదో! యుగీ, ఎంత లోతు తవ్విండో వీడియో తియ్. పోలీసోళ్లకు చూపిద్దాం."

యుగేందర్ సెల్లు పట్టుకుని వంగాడు. కాలితో మట్టిని తొక్కి చూశాడు.

"బావా... గుంత లేదు."

"లేకపోవుడేంది?"

"పూడ్చి ఉన్నది. రాళ్లు నింపి, మీద మట్టి గట్టిగ గుద్దిండు. అగో, గా అవతలియి గూడ. అన్నిటి మీద నిమ్మకాయలే."

సురేశ్ చేతిలోంచి గడ్డపార జారింది.

"మరి... గీ నిమ్మకాయలెందుకు పెట్టినవ్?"

"చూస్తే... బుగులుపడి... మళ్ల తవ్వరని."

సురేశ్ కుంటుకుంటూ వచ్చి కూలబడ్డాడు. సంచిలోంచి కొత్త కండువా లాగి ముసలాయన తలకు అదిమాడు. తెల్ల కండువా చూస్తుండగానే ఎర్రబడింది.

"పెద్దయ్యా, కండ్లు మూయకు. నీ పేరేంది? పేరు జెప్పు."

"మొండయ్య."

తెరిచి ఉన్న ఒక్క కన్ను సురేశ్ ముఖాన్ని వెతికింది. అక్కడి నుంచి కుడికాలి మీదికి మెల్లగా దిగింది.

"కాలు అతికిందా బిడ్డా? ఆ పొద్దు గుట్ట దిగేదాంక నా వీపంత నీ నెత్తురే."