మెతుకు ముట్టని పిట్టలు

“ముట్టినాయేటి బాబూ?”

మధ్యాహ్నం కాగానే ధనమ్మ వచ్చి అడిగే మాట అదే. యుగంధర్ బైనాక్యులర్స్ దించి, లేదన్నాడు. పొద్దున ఆమె ఇసుకలో ఆకు వేసి పెట్టిన అన్నం ముద్ద పెట్టినట్టే ఉంది. ధనమ్మ దాన్ని ఆకుతో సహా ఎత్తుకుని, అతని పక్కన మొగలి పొద నీడలో చతికిలబడింది.

పూండి స్టేషన్లో దిగి, జీడితోటల్లోంచి గంటసేపు సైకిల్ తొక్కితే వచ్చే తీరం అది. రెండు వేల రెండు వేసవి. ఒట్టి ఇసుకలో గుడ్లు పెట్టే చిన్న సముద్రపు పిట్టలు పిల్లలకు ఏం మేపుతాయో తేల్చడం యుగంధర్ పరిశోధన. ఏ పిట్ట ఏ వేళకు ఏ చేప తెచ్చిందో, అది పిట్ట ముక్కుతో పోలిస్తే ఎంత పొడవుందో నోట్‌బుక్కులో రాసుకోవాలి. గుడ్ల కోసం వచ్చే కాకుల్నీ కుక్కల్నీ తోలాలి. రాత్రికి తుఫాను షెల్టర్లో పడక. ఊళ్లోవాళ్లు రెండు రోజులు వింతగా చూసి, పిట్టల పిచ్చోడని వదిలేశారు. విశాఖలోని ప్రొఫెసరు దగ్గర్నుంచి ఏప్రిల్లో ఒక ఉత్తరం వచ్చింది, అంతే. ఒక్కోరోజు తన గొంతు తనకే కొత్తగా వినిపించేది.

అలాంటప్పుడు ఆ ఊరి ధనమ్మ వచ్చింది. పిట్టలు జారవిడిచిన చేపల్ని తోక చూసి, ఇది నెత్తలి, ఇది కవ్వ అని పేర్లు చెప్పింది. అక్కడివాళ్లు అక్కను పిలిచినట్టే యుగంధర్ ఆమెను అప్పా అని పిలవసాగాడు. ఈ పిట్టలు అన్నం తింటాయా అని ఆమె ఆరోజే అడిగింది. చేపలు తప్ప మెతుకైనా ముట్టవని చెప్పాడు. ఆమె మళ్లీ అడిగి మరీ చెప్పించుకుంది.

మర్నాడే అన్నం ముద్దతో వచ్చింది.

సంగతి తర్వాత తెలిసింది. నాలుగేళ్ల కిందట తుఫానులో ఆమె మొగుడెక్కిన పడవ తిరిగి రాలేదు. తోటివాళ్ల శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, అతనిది రాలేదు. కర్మ చేసెయ్యమని మరిదీ పెద్దలూ పోరుతున్నారు. సముద్రంలో పోయినవాడి పిండం కాకి కాదు, సముద్రం పిట్టే ముట్టాలనీ, ముట్టిననాడే కర్మ అనీ ధనమ్మ పట్టుబట్టింది.

తను చెప్పింది ఆమె నమ్మలేదని యుగంధర్ అనుకున్నాడు. రోజూ లేదు అనాలంటే నోరొచ్చేది కాదు. ఆమె మాత్రం ఆ మాట విన్నాకే కాళ్లు చాపుకుని కబుర్లు చెప్పేది. వంకాయలో ఎండు నెత్తళ్లు వేస్తే ఆయన ఇంకేమీ అడగడనీ, కోపమొస్తే రెండు రోజులు మాట్లాడడనీ చెప్పి నవ్వేది. లోపలి ఏడుపును అలా దాచుకుంటోందని అతనికి జాలేసేది. ఆ గంటసేపటి కోసమే మిగిలిన పగలంతా గడిపేవాడు.

జూన్ నెలాఖరుకు పిల్లలు ఎగిరిపోయాయి. నాలుగైదు పిట్టలే మిగిలాయి. మర్నాడు అతని ప్రయాణం. మూడు నెలల్లో చూడనిది ఒక్క ముక్క రాయలేదు. రేపట్నుంచి ఈమెకు లేదని చెప్పడానికైనా ఎవరుంటారు? ఎన్నేళ్లని ఇలా అన్నం పెడుతుంది? యుగంధర్ లేచి వెళ్లి, అన్నం ముద్దను వేలి కొసతో రెండుచోట్ల గీరాడు.

“ముట్టినాయేటి బాబూ?”

“ముట్టిందప్పా. ఒకటి వచ్చి రెండు మెతుకులు పట్టుకెళ్లింది.”

ధనమ్మ ముద్ద మీద గీతలు చూసింది. తర్వాత అతని ముఖం చూసింది.

“నీ కళ్లతో సూసినావా?”

“చూశాను.”

“పుస్తకంలో రాసినావా?”

అతను తలూపాడు. ఆమె ఆకు ఎత్తుకోలేదు. అక్కడే ఇసుకలో కూలబడి సముద్రంకేసి చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ల బరువు దిగిందనుకున్నాడు యుగంధర్. పక్కనే కూర్చుని, ఇంక ఆయనకు శాంతి, నీకూ శాంతి అని మెల్లగా చెప్పాడు.

ధనమ్మ అటునుంచి చూపు తిప్పకుండానే అంది.

“నిన్నటిదాకా బతికే ఉన్నాడు బాబూ.”